బాంబూఫ్లాట్ ఫెర్రీలో దణ్ణం

ఫెర్రీ ఎక్కిన దగ్గర్నుంచీ ఆ తెల్లబట్టల పెద్దాయన కనబడ్డ ప్రతివాళ్ళకీ దణ్ణం పెడుతున్నాడు. నాకు నవ్వొచ్చింది.

"మా అండమాన్ దీవుల్లో ఎమ్మెల్యే ఎలక్షన్లే లేవు దాదా, ఎవరి ఓటు కోసం?" అన్నాను.

"అలవాటైపోయిందమ్మా. శ్రీకాకుళం వైపు ఎస్సైగా ఉన్నన్నాళ్ళూ ఎవరికీ పెట్టలేదు. ఎమ్మెల్యేనయ్యాక ఊరూరా పెట్టాను. జాలరి కుర్రాణ్ణి చేసుకుని ఇటొచ్చేసిన మా అమ్మాయి సత్యవతిని మాత్రం గుమ్మం తొక్కొద్దన్నాను. పోయిన్నెల జ్వరంతో పోయిందట."

సత్యవతి దీదీ! ఆమె మా పక్కింట్లోనే ఉండేది.

మా జాలరివాళ్ళు పడవకి ఇంటి ఆడమనిషి పేరు రాయించుకుంటారు. ఆమె పోయినా ఆ పేరు చెరపరు. జెట్టీ పక్కన కట్టేసిన దీదీవాళ్ళ పడవని చూపించాను. ఆయన పేరు చదువుకుని, పడవకి చేతులు జోడించాడు.

అందరం దిగిపోయాం. "ఉతరో బాబూజీ" అని సరంగు కేకేస్తున్నా ఆ చేతులు కిందికి దిగలేదు.