మా అత్త కూర్చున్న కుర్చీ

చింతామణిలో మా మేనత్త పోయింది. పొద్దున్నే వదిన ఫోన్ చేసి, "అమ్మ పోయిందమ్మా" అని మాత్రం అంది. అత్తకు ఒక్కతే కూతురు, మా వదిన.

ఆ ఇంటి నడవలో పాత సోఫా ఒకటి, పేము అల్లిన కుర్చీలు రెండు, నల్లటి బీటెచెక్కతో, అదే రోజ్‌వుడ్‌తో, చేసిన పెద్ద చేతుల కుర్చీ ఒకటి ఉండేవి. ఆ పెద్ద కుర్చీ అత్త మామగారిది. ఆయన పోయాక కూడా దాంట్లో ఎవరూ కూర్చోలేదు. ఆడవాళ్ళయితే ఆ నడవలో అసలు కూర్చునేవాళ్ళే కాదు.

మామయ్య ఉన్నట్టుండి పోయినప్పుడు వదిన హైస్కూల్లో ఉంది. కర్మ అయిన మర్నాడు చాకవేలు నుంచి అత్త బావగారు వచ్చి, మామయ్య నడిపిన శెనక్కాయల మండీ మూసేద్దామనీ, పిల్లను బడి మాన్పిద్దామనీ అన్నాడు. సోఫాలో మా నాన్న తల వంచుకున్నాడు. తలుపు వెనక అత్త పక్కన నేను. వదిన కన్నా ఏడాది చిన్నదాన్ని, పెద్దవాళ్ళ ముందు మాట్లాడే ధైర్యం నాకెక్కడిది.

అత్త నడవలోకి వచ్చి ఆ పెద్ద కుర్చీలో కూర్చుంది.

"మండీ నేను చూసుకుంటా. పిల్ల బడి మానేది లేదు."

"అది యెవురి కుర్చీనో తెలుసునా నీకు?"

"ఖాళీగా ఉండాది బావా. అందుకే కూసున్నా."

 కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది.

ఆయన కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. అత్త మండీ నడిపింది. వదిన చదివి చిక్కబళ్ళాపురంలో లెక్చరరయింది. పండగ ముందు కుర్చీలను ఎండలో వేసి, కొబ్బరినూనె గుడ్డతో తుడిచేది అత్త. ఇంటికి ఏ ఆడమనిషి వచ్చినా, "నిలబడి మాట్లాడొద్దు, కూసోమ్మా" అనేది. నేను ధైర్యంగా మాట్లాడడం నేర్చుకున్నది ఆ నడవలోనే.

పోయినేడాది అత్తకు మతి తప్పింది. వదిన సెలవు పెట్టి వచ్చి ఉంది. నేను చూడబోయేసరికి అత్త నడవలో గోడకు ఆనుకుని నిలబడుంది. 

"కూసో అత్తా" అంటూ ఆ పెద్ద కుర్చీ చూపించాను.

"మెల్లగా మాట్లాడమ్మా. మామగారు ఇంట్లోనే ఉండారు."

"ఆయన యాడుండాడమ్మా, ఎప్పుడో పోయినాడు కదా!" అంది వదిన. అత్త బెదిరిపోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

 వదిన తనే గచ్చు మీద కూర్చుంది. అత్త లోపలి గది వైపు ఒకసారి చూసి, గోడ పట్టుకుని మెల్లగా దిగి, కూతురి పక్కనే ఒదిగి కూర్చుంది. పాదాలు కనపడకుండా చీర లాక్కుంది.