మనోడే

కర్నూలులో రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా పాతికేళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను. రెండు సెంట్ల స్థలం కొనేవాడు వచ్చినా సరే, దాని మీద ముప్పై ఏళ్లుగా ఏమేం జరిగాయో ఈసీ తీయించి చూడనిదే కలం ముట్టను. "అమ్మేటోడు పెట్టిన లాయరు నీ లాయరు కాదప్పా, ఎన్నిసార్లు చెప్పల్ల" అని ఎంతమందిని కసిరానో. అంత తెలివైనవాణ్ణి నేను.

మా ఆవిడకు బనగానపల్లె దగ్గర పుట్టింటివాళ్లిచ్చిన మామిడితోట ఉండేది. దాన్ని అమ్మి దుబాయిలో ఫ్లాటు కొందామన్నది నేనే. కూర్చున్నచోటికి అద్దె వస్తుందని ఊదరగొట్టాను. నెల రోజులు ఒప్పుకోలేదు. చివరికి ఒక్కటే అడిగింది.

"సరే, నీ ఇష్టం. ఆడ మనకంటూ వేరే లాయర్ని పెట్టుకోప్పా. అంతే నేనడిగేది."

పెడతానన్నాను. తోట అమ్మకం కాగితాల మీద సంతకం పెట్టింది.

దుబాయిలో బిల్డరు ఆఫీసులోనే ఒక లాయరు ఉన్నాడు. నేను నోరు తెరవగానే లేచి నిలబడ్డాడు.

"ఏ ఊరన్నా మనది?"

"కర్నూలు. నీది యాడ?"

"డోన్ పక్కనే అన్నా! ఉగ్గాని తిని ఎన్ని దినాలయిందో. ఈడ శానా కష్టం దొరకడం."

పరాయి దేశంలో మన యాస చెవిన పడేసరికి నా బుర్ర పనిచేయడం మానేసింది. నలభై పేజీల ఇంగ్లీషు కాగితాల్లో అతను వేలు పెట్టిన చోటల్లా సంతకం చేశాను. ఫోన్లో మా ఆవిడ మొదట అడిగింది లాయరు సంగతే.

"మనోడే ఉండాడు లేవే. ఇంగొకనికి చూపిచ్చినామంటే పాపం ఏమనుకుంటాడు?"

ఆమె ఫోన్ పెట్టేసింది.

రెండేళ్లకు ఆ ఫ్లాటు ఆమె పేరిట మారుద్దామని బుద్ధి పుట్టింది. అప్పుడు అక్కడే ఇంకో లాయరుకు కాగితాలు పంపాను. ఆయన ఒక్క పూటలో చదివేశాడు. నేను కొన్నది ఫ్లాటు కాదట. ముప్పై ఏళ్లు వాడుకునే హక్కట. తర్వాత అది బిల్డరుదే. ఈలోగా ఇంకొకరి పేరుకు మార్చడానికీ లేదు. ఊళ్లోవాళ్లందరికీ వెనక్కి ముప్పై ఏళ్లు చూసిపెట్టినవాణ్ణి, నాకోసం ముందున్న ముప్పై ఏళ్లు చూసుకోలేకపోయాను.

డోన్ పక్క లాయరుకు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. అతనికి కోపం కూడా రాలేదు.

"అన్నా, నేను బిల్డరు లాయర్ని. నీ తరఫున ఉండానని ఎప్పుడన్నా చెప్పినానా? నువ్వు ఊరడిగినావు, చెప్పినా."

వాడు అబద్ధం చెప్పలేదు. నన్ను దహించేది అదే.

ఇంట్లో చెప్పాను. అరుస్తుందనుకున్నాను, అరిచినా బాగుండేది. "నేనడిగింది ఒకటే కదా" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

మొన్న ఎండాకాలం తోట కొన్నాయన మర్యాదకు ఒక బుట్ట మామిడిపండ్లు పంపాడు. అవి ఆమె నాయన నాటిన చెట్లవి. ఆమె ఒక పండు కోసి, ముక్కలు పళ్లెంలో వేసి నా ముందు పెట్టింది.

"తిను. పంపిచ్చినోడు మనోడే" అంది.

తిన్నాను. ఆమె ఒక్క ముక్క కూడా ముట్టలేదు.