కోట మీద మేనేజరు

సూరత్ శివారు ఉన్‌లో ఆ గల్లీ మొత్తానికి సోమలింగం గొంతు తెలుసు. ఖటోదరాలో ముప్పై ఏళ్ళుగా పవర్‌లూమ్‌ల మధ్య నిలబడ్డ మనిషి. ఆ చప్పుడులో పక్కవాడిని పలకరించాలన్నా కేక పెట్టాల్సిందే. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చేసింది. కూరలో ఉప్పు తక్కువైందని భార్యతో అంటే, నాలుగిళ్ళ అవతలివాళ్ళు తమ కూర రుచి చూసుకునేవారు.

గొంతు సంగతి అలా ఉంచితే, అసలు తంటా చేతితోనే. బట్ట మీద దారం పోగు లేచి కనిపిస్తే చాలు, వేళ్ళు వాటంతటవే వెళ్ళి పుటుక్కున తెంపేసేవి. పూజారి కండువా అయినా, బస్సులో ముందు సీటువాడి కాలర్ అయినా అతనికి ఒకటే. ఒకసారి మిల్లు యజమాని సేఠ్ చొక్కా భుజం మీదే చెయ్యి వేశాడు. సేఠ్ నవ్వి ఊరుకున్నాడు కాబట్టి సరిపోయింది. భార్య పద్మారాణి ఏమైనా అనేందుకు లేదు. ఆమె ఇంట్లో కూర్చుని చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించే పని చేస్తుంది. ఆమె వేళ్ళదీ అదే తీరు.

వాళ్ళ ఒక్కగానొక్క కూతురు సంధ్య చదువుకుని ఒక ప్రైవేటు బ్యాంకులో చేరింది. అదే బ్రాంచిలో పనిచేసే రాజ్‌కిరణ్ అనే అబ్బాయి ఆమెకు నచ్చాడు. అబ్బాయి తండ్రి ధర్మరాజు అక్కడే రైల్వేలో ఉద్యోగి, వాళ్ళది కోస్తా. పెద్దవాళ్ళు ఒకరినొకరు చూసుకుంటే మిగతాది మాట్లాడుకోవచ్చు అన్నారు. కానీ అది కరోనా రెండో వేవ్ అప్పుడే తగ్గిన శ్రావణం. అబ్బాయి తల్లి వీణకు నాలుగు గోడల మధ్య పరాయివాళ్ళతో కూర్చోవాలంటేనే భయంగా ఉంది. గాలి ఆడేచోట కలుద్దామని ఆమే సోన్‌గఢ్ కోట పేరు చెప్పింది. డాంగ్ అడవుల దారిలో, కొండ మీద, జనం లేని చోటు.

"పెళ్ళిచూపులు కోటలనా? ఏం రాజులైన్రు లే" అని గల్లీ అంతా సోమలింగాన్ని ఆట పట్టించింది. అతనికీ లోపల కొంచెం గర్వంగానే ఉంది. ఇన్నేళ్ళలో అతను సూరత్ దాటి వెళ్ళింది సొంతూరికి, అక్కడి నుంచి మళ్ళీ మగ్గాలకు. చూడటానికంటూ ఒక చోటికి వెళ్ళటం ఇదే మొదలు.

బాడుగ కారులో సంధ్య దారి పొడుగునా పాఠం చెప్పింది. "నాయినా, జర మెల్లగ మాట్లాడు. మాస్కు కిందికి గుంజకు. వాళ్ళు అడిగిందానికే చెప్పు, ఎక్కువ చెప్పకు." ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుని కూర్చున్న సోమలింగం అన్నిటికీ సరే అన్నాడు. బిడ్డ సంబంధం తన నోటి వల్ల చెడకూడదు, అంతే అతని కోరిక.

రోడ్డు అయిపోయినచోట కారు ఆగింది. అక్కడి నుంచి మెట్లు. పద్మారాణి మోకాళ్ళు పట్టుకుని, "నాతోని కాదు. మీరు పోయిరాన్రి. కిందికి వచ్చినంక వదినతోని మాట్లాడుత" అని కారు దగ్గరే కూర్చుండిపోయింది. సోమలింగం, సంధ్య పైకి ఎక్కారు. కింద టేకు అడవి తడిసి ఆకుపచ్చగా పరుచుకుని ఉంది. పాడుబడ్డ కోట ద్వారం నీడలో ధర్మరాజు, వీణ, రాజ్‌కిరణ్ మాస్కులతో ఎదురుచూస్తున్నారు.

"నమస్కారమండీ. మీరు మిల్లులో మేనేజరు గారటగా, అమ్మాయి చెప్పింది" అన్నాడు ధర్మరాజు చేతులు జోడిస్తూ.

సోమలింగం కూతురి వైపు చూశాడు. ఆమె కోటగోడ రాళ్ళని ఎన్నడూ లేనంత శ్రద్ధగా చూస్తోంది. ఆమె మెడ మాత్రం ఎర్రబడింది.

అతను తల ఊపాడు.

ఏడాదిన్నరగా ఊపిరాడదని తిట్టిన మాస్కుకి ఆ క్షణంలో దండం పెట్టాలనిపించింది. అది లేకపోతే ముఖం దాచుకునే చోటు లేదు. బిడ్డ తండ్రి పని చెప్పుకోలేకపోయింది. ఆ పనితోనే ఆమెను చదివించాడు. కోపం రావాలి గాని రాలేదు, సిగ్గేసింది. ఆమె కోసమని తల ఊపినందుకు ఇంకా ఎక్కువ సిగ్గేసింది.

ధర్మరాజు మంచి మాటకారి. గోడల వెంట నడుస్తూ, లాక్‌డౌన్‌లో మిల్లు ఎలా నెట్టుకొచ్చారని, పనివాళ్ళంతా ఊళ్ళకి వెళ్ళిపోతే ఏం చేశారని అడిగాడు. వెళ్ళిపోయినవాళ్ళలో తానూ ఒకడినని సోమలింగం ఎలా చెబుతాడు? "గట్లనే నడిచిందండి" అని గొంతు తొక్కిపెట్టి అన్నాడు. ఆ మెల్లని గొంతు అతనికే వేరే ఎవరిదో అనిపించింది. అడవిని చూపించి ధర్మరాజు ఏదో అన్నాడు. అది చెవిన పడకపోయినా మళ్ళీ తల ఊపాడు. కోట చూడటానికి వచ్చినవాడు కోటలో ఒక్క రాయి కూడా చూడలేదు.

దారి సన్నగా అయింది. అటూ ఇటూ ముళ్ళపొదలు. వీణ ముందు నడుస్తోంది. ఆమె ముదురు నీలం ఉప్పాడ పట్టుచీర కట్టుకుంది. ఒక ముల్లు కొంగుని పట్టి వదిలింది. ఆమె గమనించలేదు. సోమలింగానికి ముందు కనపడిందే అది. కొంగు అంచు దగ్గర లేచిన ఒక దారం, గాలికి ఆడుతోంది.

చూడకూడదని అడవి వైపు తిరిగాడు. మళ్ళీ చూశాడు. ఆ తర్వాత ఏం జరిగిందో అతని చేతికే తెలియాలి.

పట్టుకుని లాగేశాడు. పాలిస్టర్ పోగైతే ఒక్క గుంజుకి తెగిపోయేది. ఇది తెగలేదు. అది వదులుగా వేలాడే కొస కాదు, ముల్లుకి పైకి లేచిన నేతపోగు. లాగేసరికి కొంగు ఆ చివర నుంచి ఈ చివరకు ముడతపడి ముడుచుకుపోయింది. వీణ గిర్రున తిరిగింది. ముక్కూ మొహం తెలియని మగవాడి చేతిలో తన కొంగు! మనుషులు ఆరడుగుల దూరం నిలబడే రోజుల్లో.

"తప్పైంది వదినా!" మెల్లగా మాట్లాడాలన్న పాఠమంతా ఎగిరిపోయింది. షెడ్డులో అరిచినట్టే అరిచాడు. "మగ్గం కాడి అలవాటు! ఎనిమిది మగ్గాలు నడుపుత, దారం కనవడితే చెయ్యి ఊకోదు!"

పాడుగోడలు ఆ మాటలని అందుకుని మళ్ళీ వినిపించాయి. గోడ కన్నాల్లోంచి చిలకలు లేచిపోయాయి. ధర్మరాజు నడక ఆపి అతని వైపు తిరిగాడు. సంధ్య కళ్ళు మూసుకుంది.

వీణ కొంగు చేతిలోకి తీసుకుని ముడత మీద వేళ్ళు రాసింది. "ఇది మా అమ్మ చీరండీ" అంది. "ఏప్రిల్లో పోయింది. ఆసుపత్రిలోకి మమ్మల్ని పోనివ్వలేదు. మంచి పని కదా, అమ్మ కూడా ఉన్నట్టు ఉంటుందని కట్టుకొచ్చాను."

"ఇటియ్యిన్రి వదినా, జర సరిచేస్త…"

"వద్దండీ. ముట్టుకోకండి."

ఆమె గట్టిగా అనలేదు, మర్యాదగానే అంది. ఆ మర్యాదకే సోమలింగం కుంగిపోయాడు. బిడ్డ అబద్ధం బయటపెట్టాడు. చచ్చిపోయిన తల్లి చీర పాడుచేశాడు. ముప్పై ఏళ్ళు దారంతో బతికినవాడు కొస ఏదో పోగు ఏదో పోల్చుకోలేకపోయాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, అందరికన్నా వెనకగా మెట్లు దిగాడు.

కింద ఇవేవీ తెలియని పద్మారాణి నవ్వు మొహంతో ఎదురొచ్చింది. "వచ్చిన్రా వదినా, రాన్రి…" అంటూనే ఆమె చూపు కొంగు మీద పడింది. "అయ్యో, గిదేంది?" అని చెయ్యి చాచింది.

"ముట్టకు!" తండ్రీకూతుళ్ళు ఒక్కసారే అరిచారు. సంధ్య గొంతు తండ్రి గొంతుకి ఏమాత్రం తీసిపోలేదు. రాజ్‌కిరణ్ ఉలిక్కిపడ్డాడు. బ్యాంకులో ఆ గొంతు అతను ఎప్పుడూ వినలేదు మరి.

వీణ ఇద్దరినీ చూసింది. పద్మారాణి చాచిన చేతినీ చూసింది. ఆ చేతికి చూపుడువేలు మీద కత్తెర పట్టి పట్టి కాయ కాచి ఉంది. ఏమనుకుందో, కొంగు తనే తీసి ఆ చేతిలో పెట్టింది. "మీ ఆయన పనే. ఏమైనా చెయ్యగలరేమో చూడండి."

పద్మారాణి కారు తలుపు దగ్గర కూర్చుని, గోటితో పోగుని కొంచెం కొంచెంగా వెనక్కి నడపసాగింది. ఎవరూ పిలవకుండానే సంధ్య వచ్చి ఎదురుగా నేల మీద కూర్చుంది. కొంగు రెండో చివర బిగువుగా పట్టుకుంది. చిన్నప్పుడు బడి నుంచి వచ్చాక రోజూ అమ్మ ఎదుట అలాగే కూర్చునేది. తల ఎత్తకుండానే అంది: "నేనే చెప్పిన అంకుల్, మేనేజరని. మా నాయిన కారీగర్, మగ్గం నడుపుతడు. మా అమ్మ దారాలు కత్తిరిస్తది. నేను కూడ కత్తిరించిన." చూపు దారం మీదే ఉంచింది. "చెప్పనీకె సిగ్గయింది."

"తల ఊపింది నేను" అన్నాడు సోమలింగం దూరం నుంచే. "బిడ్డను ఏమనకున్రి."

ముడత చాలావరకు విప్పుకుంది. అయినా అడ్డంగా ఒక సన్నని చార మిగిలింది. "గింతకంటే కాదు వదినా" అంది పద్మారాణి. వీణ కొంగు తీసుకుని భుజం మీద వేసుకుంది. "ఉండనివ్వండి" అంది. సంధ్య ఇంకా నేల మీదే ఉంటే, చెయ్యి అందించి లేపింది.

పెళ్ళి ఆ చలికాలంలో జరిగింది. వీణ ఆ చీరే కట్టుకుంది, చార పైకి కనపడేలా. ప్రేమతో కట్టుకుందో, గుర్తుచేయటానికి కట్టుకుందో సోమలింగానికి ఇప్పటికీ తెలియదు. ఆమె ఎదురుపడితే అతను తన కాళ్ళ వైపు చూసుకుంటాడు. ఇక ధర్మరాజు ఉన్నాడే, ఏ శుభకార్యంలో కనపడినా నలుగురిలో చెయ్యెత్తి, "రండి రండి, మేనేజరు బావగారూ!" అని నోరారా పిలుస్తాడు. ఆ మనిషికి కల్మషం లేదు. అందరూ నవ్వుతారు, సోమలింగమూ నవ్వుతాడు. నవ్వుతూనే, చెవులు కాలిపోతుంటే, రెండు చేతులూ మెల్లగా వెనక్కి కట్టుకుంటాడు.