గుర్తు పెట్టని డబ్బాలు

ఎడారి అంచున ఉన్న బ్రాలీ ఊళ్లో లోవెల్ హస్కిన్స్ షెడ్డు కనుక్కోవడం కష్టమేమీ కాదు. రైలు పట్టాలు దాటి, ఎండుగడ్డి గోదాము పక్క సందులోకి తిరిగితే, మోటారు సైకిలులా హ్యాండిలు పట్టి తోలే నాలుగు చక్రాల బళ్ల ఎముకలన్నీ విప్పి ఎండబెట్టినట్టు వాకిట్లో పరిచి ఉంటాయి. అన్నీ టూ స్ట్రోక్ బళ్లే. ఎవరైనా తెలియక ఫోర్ స్ట్రోక్ బండి తెస్తే, "ఇది కుట్టుమిషనురా బాబూ, పట్టుకెళ్లి మీ అమ్మమ్మకివ్వు" అని వాకిట్లోంచే పంపేసేవాడు. ఈ టూ స్ట్రోక్ బళ్లను కంపెనీలు చేయడం మానేసి ఏళ్లు గడిచాయి. ఉన్నవాటినే మావాళ్లు అతుకులేసుకుంటూ, సామాను కోసం ఊళ్లు గాలిస్తూ, చలికాలం రాగానే ఇసుక కొండల మీదికి తోలుకుపోతారు.

లోవెల్ చేతిలో పడ్డ సిలిండరు పాత సిలిండరులా ఉండదు. లోపలి గాలిదారుల్ని చిన్న ఆకురాయితో గంటల తరబడి గీకి, వేలితో తడిమి, మళ్లీ గీకేవాడు. బండి ముందు చక్రాలు గాల్లోకి లేవకుండా వెనకభాగాన్ని సాగదీసి వెల్డింగు చేసేవాడు. వెనక టైర్లకు తెడ్లలాంటి పలకలుండేవి. అవి ఇసుకను తవ్వి పోస్తుంటే బండి కొండ మీదికి దూసుకుపోతుంది. ఇదంతా మరో నలుగురికీ చేతనవును. కానీ ముక్కు విషయంలో మాత్రం లోవెల్‌కు సాటి లేరు.

ఈ ఇంజన్లకు నూనె విడిగా పోయరు, పెట్రోల్లోనే కలపాలి. లోవెల్ కలిపేది ఆముదం. నవ్వకండి, మనం తలకు రాసుకునే ఆముదానికి చుట్టమే. పందెం ఇంజను వేడికి అన్ని నూనెలూ చేతులెత్తేసినా ఆముదం నిలబడుతుంది. కాలితే దాని పొగ తియ్యగా ఉంటుంది. ఇసుక కొండల దగ్గర పక్క శిబిరంలో ఎవరిదో బండి స్టార్టయితే, లోవెల్ ఇక్కడ కుర్చీలోంచే గాలి పీల్చి, "నూనె ఎక్కువ పోశాడు, ప్లగ్గు తడిసి చస్తుంది చూడు" అనేవాడు. అలాగే అయ్యేది.

అందరూ నూనె కలిపిన డబ్బాకు రంగు పూయడమో టేపు చుట్టడమో చేస్తారు. జనరేటరు కోసం ఉత్త పెట్రోలు డబ్బా కూడా పక్కనే ఉంటుంది మరి. లోవెల్ మాత్రం రెండూ ఒకే ఎర్ర డబ్బాలు, ఏ గుర్తూ లేకుండా పెట్టుకునేవాడు. "ముక్కు లేనివాళ్లకి టేపులు" అనేవాడు. ఆ మాట మీద అతనికున్నంత గర్వం ఇంకెవరికీ దేనిమీదా చూడలేదు నేను.

ఉత్త పెట్రోలు పోస్తే ఏమవుతుందో లోవెల్ కళ్లారా చూసినవాడే. అతని స్నేహితుడు రాయిస్, కుర్రతనంలో, తొందరలో తప్పు డబ్బా ఎత్తాడు. బండి మామూలుగానే స్టార్టయింది. సగం కొండ ఎక్కాక, నూనె అందక ఇంజను పట్టేసింది. వెనక చక్రాలు బిగుసుకుపోయాయి. బండి రాయిస్‌ను విసిరేసి, వెనక్కి దొర్లి, అతని మీద పడింది. రాయిస్ మళ్లీ లేవలేదు. లోవెల్ కూతురు డార్లా బండెక్కిన మొదటి రోజు నుంచీ అతను చెప్పింది ఒక్కటే, "క్లచ్చు మీద నుంచి వేలు తీయకు. ఇంజను పట్టేస్తే నీకుండేది రెప్పపాటే."

డార్లా ఇప్పుడు స్కూలు బస్సు నడుపుతుంది. ముప్పై దాటాయి. అయినా ఏటా నవంబరులో, థ్యాంక్స్‌గివింగ్ సెలవులకి, మావాళ్లు 'గోడ' అని పిలిచే నిట్టనిలువు ఇసుక కొండ ఎక్కే పందెంలో దిగుతుంది. బండి ఆమెది, ఇంజను తండ్రిది.

కిందటి శీతాకాలంలో లోవెల్‌కు జ్వరం వచ్చింది. వారం మంచం పట్టి లేచాడు. లేచిన రోజు పొద్దున కాఫీ చప్పగా ఉందనుకున్నాడు. షెడ్డుకెళ్లి ఆముదం సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ లేదు. పెట్రోలు, గ్రీజు, కాలిన రబ్బరు, ఒక్కొక్కటే తీసి చూశాడు. నీళ్లు వాసన చూసినట్టే ఉంది. ఆ మధ్యాహ్నం షెడ్డు తలుపు మూసుకుని చాలాసేపు లోపలే కూర్చున్నాడట.

ఎవరికీ చెప్పలేదు. ఇంత టేపు ముక్క అంటిస్తే పోయేది. కానీ లోవెల్ హస్కిన్స్ డబ్బాకు టేపు కనిపించిందంటే, సాయంత్రానికల్లా బ్రాలీ నుంచి ఎడారి దాకా అందరికీ సంగతి తెలిసిపోతుంది. అందుకని వేళ్లను నమ్ముకున్నాడు. డబ్బాలో వేలు ముంచి గాలికి ఆరబెడితే, ఉత్త పెట్రోలు ఎగిరిపోతుంది, ఆముదం ఉంటే వేలు జిడ్డుగా మిగులుతుంది. ఎవరూ చూడకుండా ఆ పని చేసుకుంటూ, పైకి మాత్రం ఎప్పట్లాగే ముక్కు ఎగబీల్చేవాడు. ముసలాయన నాటకం బాగానే సాగింది.

ఆ ఏడు నవంబరులో, పందెం రోజు గాలి విపరీతంగా ఉంది. శిబిరంలో పెద్ద నూనె కాగులో టర్కీ కోడిని వేయించే పని లోవెల్‌కు అప్పజెప్పారు. కాగు పక్కనే కూర్చుని కోడిని బొగ్గు చేశాడు. మెర్ల్ పిట్‌మన్ పరుగెత్తుకొచ్చి మంట ఆపాడు. మెర్ల్ కూడా ఇంజన్ల మనిషే, లోవెల్‌తో నలభై ఏళ్ల పోటీ, అంతే పాత స్నేహం.

"ఏంట్రా ముసలోడా, నిద్రపోయావా? అవతలి కొండ దాకా కొడుతోంది కంపు!"

"నీకు కోడి కావాలా, నా పక్కన కూర్చుని సణగడం కావాలా?" అన్నాడు లోవెల్.

"నాకు పందెం కావాలి. మా అబ్బాయి కోడీ ఇవాళ నీ కూతురికి ఇసుక తినిపిస్తాడు."

"మీవాడి బండికి ముందు దగ్గు మందు పట్టించు."

చివరి పరుగు మెర్ల్ కొడుకు కోడీకి, డార్లాకి మధ్య. పిలుపు అనుకున్నదానికంటే ముందే వచ్చింది. లోవెల్ అప్పుడే గొలుసు బిగించి గ్రీజు పట్టిస్తున్నాడు. హడావిడిగా లేచి, డబ్బా ఎత్తి, టాంకులో పోశాడు. వేలు ముంచి చూశాడు కూడా. జిడ్డుగానే ఉంది. డార్లా బండి ఎక్కి వెళ్లిపోయింది.

గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉండగా ఆ గుడ్డ నల్లగా కావడం చూశాడు. వేళ్లన్నీ గొలుసు గ్రీజే. ఆ జిడ్డు గ్రీజుదో, ఆముదానిదో! పక్కన జనరేటరు దడదడలాడుతోంది. దాని దగ్గర ఒక డబ్బా, బండి నిలబడ్డచోట ఒక డబ్బా. తను ఎత్తింది ఏది, దించింది ఎక్కడ? ఏదీ గుర్తుకు రాలేదు. రెండూ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పెట్టుకుని ఏం లాభం?

అక్కడ ఎవరినైనా పిలిచి టాంకు మూత తీసి వాసన చూడమనొచ్చు. అప్పుడు కూడా అతనికి పరువే అడ్డొచ్చింది. ఒక్క క్షణం, పోసింది సరైనదే అయ్యుంటుందిలే అనుకున్నాడు. అలా అనుకున్నందుకు తనను తాను ఎప్పటికీ క్షమించుకోలేదు.

కింద, గోడ మొదట్లో, రెండు బళ్లు అరుస్తున్నాయి. జెండా మనిషి చెయ్యి పైకి లేస్తోంది. లోవెల్ పరుగెత్తాడు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, ఇసుకలో కాళ్లు దిగబడుతుంటే, టోపీ ఎగిరిపోతుంటే, పరుగెత్తి కూతురి బండికి అడ్డంగా నిలబడ్డాడు. తోలేవాళ్లు పడిపోతే ఇంజను ఆగిపోయేలా హ్యాండిలుకూ ఆమె మణికట్టుకూ మధ్య కట్టిన తాడు పట్టి లాగేశాడు. ఇంజను ఠక్కున ఆగిపోయింది.

"నాన్నా! పిచ్చా నీకు?"

"దిగు."

"జెండా ఊపబోతున్నాడు! తప్పుకో!"

"దిగమన్నానా, డార్లా."

జెండా మనిషి ఆగలేదు. ఆగడం మావాళ్ల పద్ధతి కాదు, గీత దగ్గర ఆగిన బండి ఓడినట్టే. కోడీ ఒక్కడే గోడ ఎక్కాడు. కింద జనం ఈలలు వేశారు.

మెర్ల్ వచ్చాడు. "ఏంట్రా, ఓడిపోతావని ముందే భయపడ్డావా?"

"టాంకులో నూనె ఉందో లేదో తెలీదు" అన్నాడు లోవెల్.

"తెలీకపోవడమేంటి? మూత తీసి వాసన చూడు."

చుట్టూ మనుషులు మూగుతున్నారు.

"తెలియట్లేదు, మెర్ల్. నాకు ఏ వాసనా తెలియట్లేదు."

మెర్ల్ ఇంకే వెటకారమూ చేయలేదు. బీరు డబ్బాల అట్టపెట్టె చింపి, టాంకులోంచి నాలుగు చుక్కలు దాని మీద వేసి, ఎండకు పట్టుకున్నాడు. పెట్రోలు ఆరిపోయింది. అట్ట మీద నూనె మరక గుండ్రంగా, శుభ్రంగా మిగిలింది.

"ఉంది. సరిగ్గానే పోశావు" అన్నాడు మెర్ల్ నెమ్మదిగా. "పందెం అనవసరంగా పోయింది."

డార్లా ఆ మరక వంక చూడటం లేదు. తండ్రినే చూస్తోంది.

"ఎప్పట్నుంచి?"

"ఫిబ్రవరి."

"ఫిబ్రవరి." హెల్మెట్ తీసి ఇసుకలో పడేసింది. "మార్చిలో ఎక్కాను. ఏప్రిల్లో ఎక్కాను. మొన్న వారం రెండుసార్లు ఎక్కాను. నీకు తెలియని పెట్రోలు పోసి నన్ను ఆ గోడ ఎక్కించావా?"

"వేళ్లతో చూసుకునేవాణ్ణి."

"రాయిస్ సంగతి నాకు చిన్నప్పట్నుంచీ చెప్పింది నువ్వే! ఒక్క టేపు ముక్క, నాన్నా. నా ప్రాణం కంటే నీ గొప్ప ఎక్కువైందా?"

కాలేదని మనం సర్దిచెప్పకూడదు. ఆ ఏడాదంతా అతనికి పరువే ఎక్కువైంది, ఇవాళ ఆ ఒక్క పరుగులో తప్ప.

ఆమె బండిని అక్కడే వదిలి ఇసుకలో నడుచుకుంటూ పోయింది. మెర్ల్, కోడీ కలిసి బండిని శిబిరానికి తోసుకొచ్చారు. మెర్ల్ తన పెట్టెలోంచి పచ్చ టేపు తీసి నూనె కలిపిన డబ్బాకు చుట్టాడు. లోవెల్ తల వంచుకుని కూర్చున్నాడే గాని వద్దనలేదు.

గాలి తగ్గాక, ఇంకా వెలుతురు ఉండగానే, డార్లా తిరిగొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తండ్రికి ఎదురుగా ఇసుకలో చతికిలబడింది.

"ఇకనుంచి నేనే కలుపుకుంటాను" అంది. "పక్కనుండి నేర్పు. డబ్బా మాత్రం ముట్టుకోకు."

"సరే."

"ఇంకా కోపంగానే ఉంది నాకు."

"ఉండనీ. ఉండాలి కూడా."

తర్వాత లోవెల్ చిన్న గొంతుతో అడిగాడు, ఆ మనిషి ఎవరినీ ఏదీ అలా అడగడం మేమెవరం వినలేదు.

"ఒకసారి మూత తీసి వాసన చూస్తావా? ఎలా ఉందో చెప్పు. నాకు గుర్తుకు రావడం లేదే."

డార్లా టేపు చుట్టిన డబ్బా ఒళ్లోకి లాక్కుని, మూత తీసి, కళ్లు మూసుకుని పీల్చింది. చెప్పబోయి ఆగింది. తియ్యగా అంది. ఏదో కాలినట్టు అంది. కాదని తల అడ్డంగా ఊపింది. మళ్లీ పీల్చింది.

"నీలా ఉంది నాన్నా" అంది. "చిన్నప్పుడు నువ్వు షెడ్డు నుంచి వచ్చి నన్ను ఎత్తుకునేవాడివి చూడు, అలా. అచ్చం నీలాగే ఉంది."

లోవెల్ తన చొక్కా చెయ్యి ముక్కుకు ఆనించుకుని గట్టిగా పీల్చాడు. మళ్లీ పీల్చాడు. డార్లా అతని చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించేదాకా అలా పీలుస్తూనే ఉన్నాడు.