మా మామ తీసే తరుగు

సోమశిల దేవుడి మీద, మా ఇంటిదాని మీద ఒట్టు పెట్టి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. తన మీద ఒట్టు పెడితే ఆమె ఊరుకోదు కాబట్టి దేవుడొక్కడితో సరిపెట్టుకుందాం.

మా మేనమామ వనపర్తి మార్కెట్ యార్డులో పల్లికాయ బస్తాలకు కాంటా వేస్తూ బతికినవాడు. ఆయన కూతుర్నే నేను చేసుకున్నాను. ఇప్పుడాయన మా దగ్గరే ఉంటాడు. యార్డుకు పచ్చికాయ వస్తే తేమకింత, మట్టికింత అని తూకంలోంచి కోసేస్తారు. దాన్నే తరుగు అంటారు. రైతులకు ఆ మాట వింటేనే ఒళ్లు మంట. మామ ఇంట్లో కూడా తరుగు తీసేవాడు, కాకపోతే నా కథలకు మాత్రమే. నల్లమలలో చిరుతపులి నా స్కూటర్ వెంట పడిందని చెప్పాననుకోండి, చుట్ట పక్కన పెట్టి, "తేమ శానా ఉందిరా. పులిని తీసెయ్, కుక్కనుంచు" అనేవాడు. నిజానికి అది కుక్కే.

పోయినేడాది నుంచి ఆయనకు మతిమరుపు మొదలైంది. చాయ్ తాగి, తాగలేదనేవాడు. కళ్లద్దాలు పెట్టుకుని కళ్లద్దాలు వెతికేవాడు. వయసు కదా అనుకున్నాం. ఒకరోజు నేను, జూరాల దగ్గర మొసలి గద్వాల బస్సెక్కితే కండక్టర్ దానికి సగం టికెట్ కొట్టాడని చెప్పాను. మామ తలూపి, "పాపం, దానికి సీటు దొరికిందా?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. తరుగు తీస్తాడేమోనని చాలాసేపు చూశాను. తీయలేదు. నేను చెప్పింది నమ్మేవాళ్లు ఊరి నిండా ఉన్నారు. నమ్మని మనిషి ఆయనొక్కడే. ఆయన నా చేతిలోంచి జారిపోతున్నాడు.

ఇంతలో గద్వాలలో ఉండే మా బావమరిది ఒక వీడియో పంపి, వెంటనే ఫోన్ చేశాడు.

"బావా, స్టెమ్ సెల్స్ అంట. మనిషి ఒంట్లకెళ్లి మూలకణాలు తీసి, మల్ల సూదితోని ఎక్కిస్తరంట. మెదడు కొత్తగ మొలకెత్తుతదంట. హైదరాబాద్ల నాయిన పేరు రాయించిన."

"మొలకెత్తెతందుకు అదేమన్న పెసర్లా?" అంది పక్క నుంచి మా ఇంటిది.

"నీకు తెల్వదక్కా, ఊకో."

నేను మొలకల పక్షమే. ఇతరులను నమ్మించేవాడు తాను నమ్మాల్సి వస్తే కొంచెం ఎక్కువే నమ్ముతాడు. కానీ మా ఇంటిది, ముందు తెలిసిన డాక్టరును అడగాల్సిందేనని పట్టుబట్టింది. మామను తీసుకుని మేమిద్దరం నాగర్‌కర్నూల్‌లో ఆయన దవాఖానకు వెళ్లాం.

డాక్టర్ మామను ఏవేవో అడిగాడు, కాగితం మీద గడియారం గీయించాడు. తర్వాత మా వైపు తిరిగి, "జ్ఞాపకశక్తిలో తరుగుదల కనిపిస్తోంది" అన్నాడు.

మామ కుర్చీలో ముందుకు జరిగాడు. "తరుగా? ఎంత పెట్టినవ్ సారూ?"

"అంటే, పెద్దాయనా..."

"తేమ చూసినవా? మిషిని పెట్టకుంట నోటితోని చెప్తే ఒప్పుకోను. నాది ఎండిన సరుకు."

మేం యార్డు తరుగు సంగతి చెప్పాక డాక్టర్ నవ్వి, "సరే, మిషన్ కూడా పెడదాం" అని స్కానింగ్ రాశాడు. మూలకణాల గురించి మాత్రం నవ్వకుండా చెప్పాడు. పరిశోధన జరుగుతున్న మాట నిజమేనట, కానీ మతిమరుపు తగ్గుతుందని ఇంకా రుజువు కాలేదట. పరీక్షల్లో ఉన్నదాన్ని వైద్యమని అమ్మేవాళ్ల జోలికి పోవద్దన్నాడు. ఆ సూదులతో లేని రోగం కూడా రావచ్చన్నాడు. మా ఇంటిది మామను స్కానింగ్‌కు తీసుకెళ్లాక, "ఆయనకు రోజూ కథలు చెప్పండి, తెలిసిన చోట్లకు తిప్పండి" అని నాతో అన్నాడు.

ఫోన్‌లో ఇదంతా విని బావమరిది అలిగాడు. "నాయినకు తక్వైతదంటే మీకు ఇష్టం లేదా బావా?" అన్నాడు. రిపోర్టు పంపి, డాక్టర్‌తోనే మాట్లాడించాను. దాంతో బావమరిది హైదరాబాద్‌లో పేరు కొట్టేయించాడు.

మామిడికాయల కాలంలో సోమశిల వెళ్లాం. కొల్లాపూర్‌లో పండ్లు కొని పడవెక్కాం. నది మధ్యకు వచ్చాక మొదలుపెట్టాను.

"మామా, యాదికుందా? చిన్నప్పుడు నేను బర్రెను బుజానేస్కొని గీ కృష్ణను ఈదిన."

పడవతను ఇంజన్ చప్పుడు తగ్గించి మరీ విన్నాడు. మామ చేతిలోని టెంకను తీరిగ్గా చీకాడు. చివరికి ఆయన పడవతని వైపు తిరిగాడు.

"వీనికి ఈతనే రాదు. జూడు, పడవను ఎట్ల వట్టుకున్నడో."

చూసుకుంటే, పడవ అంచును నేను రెండు చేతులతో కరుచుకుని ఉన్నాను. నాకు నవ్వాగలేదు. నన్ను పట్టేశాడు.

తర్వాత ఆయన నా పక్కనున్న మా ఇంటిదాన్ని చూశాడు. "గీ అమ్మాయెవరు?"

"నీ బిడ్డను నాయినా."

"గట్లనా. మంచిగున్నవ్. వీన్నెట్ల చేస్కున్నవ్ మల్ల?"

"నువ్వే చేసినవ్."

ఆమె నవ్వింది. కొంగుతో కళ్లు కూడా ఒత్తుకుంది, కానీ నవ్వే ఎక్కువ.

ఇక, ఇందులో నేను కల్పించిన ముక్క ఒకటుంది. డాక్టర్ కథలు చెప్పమనలేదు. మాత్రలు రాసి, మళ్లీ రమ్మన్నాడు, అంతే. ఆ మాట ఆయన నోట్లో పెట్టి మా ఇంటిదానికి చెప్పింది నేనే. ఆమె పూర్తిగా నమ్మింది. ఇప్పుడు రోజూ పొద్దున నేను బయలుదేరే వేళకు గుమ్మంలో అడ్డంగా నిలబడుతుంది.

"నాయినకు కథ చెప్పినవా? డాక్టరు చెప్పిండు గద."

నేను లోపలికి వెళ్లి మామ పక్కన కూర్చుంటాను.