హక్కులకు రెక్కలు కట్టిన సోమవారం

శ్రావణమాసం రెండో సోమవారం, పొద్దున తొమ్మిదీ ఇరవైకి మొదలైంది ఆ గొడవ. (అంగన్‌వాడీ గడియారం మూడు నిమిషాలు ముందు నడిచేది, అది తీసేసే చెబుతున్నాను.) ఆ రోజుల్లో కర్ణాటకలో సండూరు తాలూకాలోని మా ఊళ్ళో గనుల దుమ్ము పడని వస్తువు లేదు. ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి కావిరంగు తిరిగేది. అప్పటికి నేను టీచరుగా చేరి ఏడాది దాటింది, మోకాళ్ళు ఇంకా నా మాట వినేవి. మా గది గడప నుంచి లారీల రోడ్డుకు ఎనిమిది అడుగులు. కొలిచింది నేనే. ఇరవై ముగ్గురు పిల్లలను లోపల పెట్టి, ఎవరూ బయటికి ఉరకకుండా ఆయాగా పనిచేసే మా వదినా నేనూ వంతులవారీగా గడపలో కూర్చునేవాళ్ళం. బడి వేళల్లో లారీలను ఊరి వెనక దారిన పంపమని నేను రాసిన అర్జీలు అప్పటికి నాలుగు.

చివరికి డిపార్ట్‌మెంటు నుంచి చీటీ వచ్చింది. గని కంపెనీ, లారీల ఓనర్లు, తల్లుల సమితి, అంగన్‌వాడీ కలిసి పనిచేసే విషయం మాట్లాడడానికి మా గదిలోనే సభ. పిల్లలను సిద్ధం చేయండి అని. చీటీ కన్నడంలో ఉంది, అదీ కార్బన్ పెట్టి రాసిన మూడో ప్రతి. నాది ఆదోని వైపు తెలుగు చదువు. కన్నడం పెళ్ళయ్యాక నేర్చుకున్నది. అయినా అక్షరం తప్పు పోనివ్వనని నాకు పెద్ద పేరు (ఆ పేరు పెట్టుకున్నదీ నేనే). సభ పేరు 'మక్కళ హక్కు', అంటే పిల్లల హక్కు. ఆ మసకలో చివరి కొమ్ము నాకు గుడిలా కనిపించి 'హక్కి' అని చదివాను. కన్నడంలో హక్కి అంటే పక్షి. ఒక్క క్షణం అనుమానం వచ్చిన మాట నిజం. కానీ మూడేళ్ళ పిల్లలకు హక్కులేమిటి, పక్షులైతే ఉండవచ్చు అని తేల్చేశాను.

"పిట్టలతో సభేంది మే?" అంది వదిన.

"చీటీలో ఉండాది వదినా. పిల్లోళ్ళకు రెక్కలు కుట్టు."

రెండు దిండ్లు చించి ఆ దూదితో ఏడుగురు పిల్లలను కొంగలను చేశాం. తొమ్మిది కాకులు, ఆరు చిలకలు, ఒక కోడిపుంజు. మొత్తం ఇరవై మూడూ అరుగు మీద వరసగా నిలబడ్డాయి. సరిగ్గా డిపార్ట్‌మెంటు సూపర్‌వైజరమ్మ జీపు ఆగే వేళకు ఖనిజం నింపుకున్న లారీలు రెండు మా ముందునుంచి పోయాయి. దుమ్ము అణిగేసరికి ఆమె ఎదురుగా ఉంది.

"ఏన్రీ టీచర్, ఇదేను?" అంది, ఏమిటిదని.

"మక్కళ హక్కి, మేడమ్," అన్నాను గర్వంగా.

ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "హక్కి అల్లమ్మా, హక్కు! హక్కు!" పక్షి కాదట, హక్కట.

ఓనర్ల తరఫున వచ్చిన పెద్దమనిషి (పద్దెనిమిది టిప్పర్లున్నందుకు ఊరంతా టిప్పరప్ప అనేది) పడీపడీ నవ్వాడు. "నాలుగు అర్జీలు రాసిన టీచరమ్మ ఈమేనా? చదివేకే రాదు, మా బండ్లు తిప్పమంటాది!"

కంపెనీ నుంచి వచ్చినాయన కూడా నవ్వాడు. ఐదో అర్జీకి ఇక విలువ ఉండదని నాకు అర్థమైపోయింది. టిప్పరప్ప నవ్వుతూనే చివర నిలబడ్డ చిన్నపిల్ల ముందు వంగాడు.

"నువ్వేం పిట్టమ్మా? కోడివా?"

"కొంగ."

"కొంగ తెల్లగుంటాది కదమ్మా!"

"తెల్లగానే ఉంటినప్పా. లారీ వచ్చె," అని ఆ పిల్ల తుమ్మింది.

ఆయన నవ్వు ఆగింది. భుజం మీది తువ్వాలు తీసి దాని రెక్కలు తుడిచాడు. దూది తెల్లబడలేదు, తువ్వాలు ఎర్రబడింది. ఇంతలో ఇంకో లారీ వస్తుంటే తనే రోడ్డు మీదికి పోయి చెయ్యి అడ్డం పెట్టాడు. "వెనక దారిన పోరా!" అని అరిచి, వచ్చి చాప మీద కూర్చున్నాడు.

"తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా మా బండి ఒక్కటీ ఈడ తిరగదు. రాసుకోమ్మా. కన్నడంలో వద్దు, తెలుగులోనే రాయి."

కంపెనీ వాళ్ళు అడ్డుగోడ కట్టిస్తామన్నారు. వెనక దారి మలుపు దగ్గర కాపలా తల్లుల సమితి తీసుకుంది. సూపర్‌వైజరమ్మ నా తప్పు ఏ రిపోర్టులోనూ రాయలేదు. వాళ్ళందరికీ నేను ఈనాటికీ రుణపడి ఉన్నాను, ఆ తుమ్మిన కొంగకు మరీ ఎక్కువ. మూడేళ్ళ పిల్లలకు హక్కులేమిటి అనుకున్న ఆ తొందరమనిషిని ఇప్పుడు తలచుకుంటే కోపం రాదు. పక్కన కూర్చోబెట్టుకుని ఇంకోసారి చదవమ్మా అనాలనిపిస్తుంది.

ఆ సోమవారం పోయినవి: దిండ్లు రెండు, తెల్లరెక్కలు ఏడు జతలు, కోడిపుంజు తోక ఒకటి (మేక తిన్నది), టిప్పరప్ప తువ్వాలు ఒకటి. నేను పని మానేదాకా ఆ రోడ్డు మీద లారీ కింద పోయిన పిల్లలు: సున్నా.