దర్జీ అన్న వేలికొసలు

మా ఉప్పుగూడ దర్జీ అన్న పోయాడని మొన్న మంగళవారం పొద్దున దవాఖానా నుంచి కబురొచ్చింది. వినగానే ఏడుపు రాలేదు. భయమేసింది. వచ్చే సోమవారం నాకు మళ్ళీ మందు ఎక్కించాలి. ఇంతవరకు అక్కడికి నేను ఒక్కడినే వెళ్ళింది లేదు.

నేను ఊళ్ళో ఐదో తరగతి దాకా చదివాను. రైల్వేలో పట్టాల పని చేసి రిటైరయ్యాను. నలుగురిలో నోరు పెగలదు. అయినా ఆయన గురించి చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

మా రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. రోగం కూడా ఒకటే వచ్చింది. నాకు మెడలో, ఆయనకు చంకలో గడ్డలు. కాన్సర్ అన్నారు. మూడు వారాలకోసారి ఇద్దరికీ ఒకే రోజు, పక్కపక్క మంచాల మీద, ఒకే మందు సెలైన్‌లో ఎక్కించేవారు.

మందు ఒకటే గాని ఇద్దరికీ ఒక్క తీరుగా పడలేదు. తిరుగు బస్సు అఫ్జల్‌గంజ్ చేరేలోపే నాకు వాంతులు మొదలయ్యేవి. నోరంతా పుళ్ళు. మజ్జిగ తాగినా మంట. లేచి చూస్తే జుట్టు దిండు మీద ఉండేది. ఆయన మాత్రం అక్కడ దిగి, చాయ్‌లో బిస్కెట్ ముంచుకుని తినేవాడు. జుట్టు కొంచెం పలచబడింది, అంతే. ఆయన్ని చూసినకొద్దీ నాకు గుబులు పెరిగేది.

"అన్నా, నీకేం అయితలేదు. నాది ముదిరినట్టుంది" అన్నాను ఒకసారి.

"ఒక్క తాన్ల గుడ్డ కోసి ఇద్దరికి అంగీలు కుట్టిననుకో. ఒకనికి మంచిగుంటది, ఒకనికి చంకల బిగుస్తది. గుడ్డ తప్పా? ఎవని పెయ్యి తీరు వానిది తమ్మీ. ఫికర్ చెయ్యకు."

ఎట్లా ఉందని డాక్టరమ్మ అడిగితే నేను తల ఊపి ఊరుకునేవాణ్ణి. పక్క మంచం మీంచి ఆయన అందుకునేవాడు. "అమ్మా, గీయన్ని నమ్మకు. నాలుగు దినాలు నీళ్ళు సుత దిగలే. నోట్ల అన్నీ పుండ్లే. అరే, నోరు తెరువు తమ్మీ! బంగారం దాచినవా ఏంది?" వార్డంతా నవ్వేది. వాంతులకు మాత్రలు, పుళ్ళకు పూతమందు నాకు ఆయన నోటి వల్లే దొరికాయి.

"మరి మీకు?" అని ఆమె ఆయన్ని అడిగేది.

"నాకేందమ్మా, మస్తుగున్న."

మూడోసారి మందు ఎక్కించాక ఒక పొద్దున గోడ మీంచి పిలిచాడు. "తమ్మీ, జర సూదిల దారం ఎక్కియ్యి. కండ్లు మసకైనై."

కళ్ళు కావు. నేను చూస్తుండగానే ఒక గుండీ మూడుసార్లు ఆయన వేళ్ళలోంచి జారిపడింది. జారిన సంగతి కూడా ఆయనకు తెలియలేదు.

"డాక్టరమ్మకు చెప్పరాదే అన్నా?"

"చెప్తే, మందుకే వేళ్ళు మొద్దువారినయని ఆపుతరు. వేళ్ళు పోతె పోనియ్యి, మందు ఆగితె నేనే పోత. నువ్వు నోరు తెరిచినవంటే నా మీద ఒట్టు."

మాట్లాడని మనిషికి ఒట్టు సులువే. ఆ రోజు నుంచి రోజూ పొద్దున్నే పది సూదులకు దారం ఎక్కించి, ఆయన మిషన్‌కు కట్టిన ఎర్రగుడ్డకు వరసగా గుచ్చి వచ్చేవాణ్ణి. ఆయన వేళ్ళను కళ్ళతో చూసుకుంటూ కాజాలు కుట్టేవాడు. వదినకు కూడా తెలియనివ్వలేదు.

పోయిన శుక్రవారం ఆయనకు చలిజ్వరం వచ్చింది. జ్వరమొస్తే ఏ రోజైనా వెంటనే రమ్మని డాక్టరమ్మ ఇద్దరికీ చెప్పి ఉంది. ఆయన మాత్ర మింగి కూర్చున్నాడు. "జ్వరమంటే ఈసారి మందు ఎనకకు జరుపుతరు. చెప్పకు." చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. నేను చెప్పలేదు. ఆదివారానికి ఆయనకు మాట తడబడింది. అప్పుడు వదినకు చెప్పాను. ఆటోలో తీసుకెళ్ళాం.

"ఎన్ని రోజుల నుంచి జ్వరం? ఇంత ఆలస్యం చేశారేం?" అని డాక్టరమ్మ అడిగింది. వదిన నా వైపు చూసింది.

నా బాధంతా ఆయన చెప్పాడు. ఆయనది నేను చెప్పలేదు. చెప్పి ఉంటే బతికేవాడో లేదో తెలియదు. అడగడానికి ధైర్యం లేదు.

ఈ పొద్దున అలవాటుగా ఆయన మిషన్ దగ్గర కూర్చున్నాను. శుక్రవారం నాటి సూదుల్లో ఆరు ఖాళీగా ఉన్నాయి. నాలుగింటికి దారం అట్లాగే ఉంది. ఖాళీ సూది ఒకటి తీశాను. దారం నా వేళ్ళ మధ్య ఉందో లేదో తెలియలేదు. చూస్తే కింద పడి ఉంది.

సోమవారం పక్క మంచం మీద ఇంకెవరో ఉంటారు. డాక్టరమ్మ అడుగుతుంది. అందుకని గోడ వైపు తిరిగి పైకే అని చూసుకున్నాను: "అమ్మా, నా వేళ్ళకు తెలుస్తలేదు." ఈసారి గట్టిగా మళ్ళీ అన్నాను.

లోపల వదిన చేస్తున్న గిన్నెల చప్పుడు ఆగింది. ఉప్పుగూడ స్టేషన్‌లోకి ఏదో రైలుబండి వస్తున్నట్టుంది, ఇల్లు సన్నగా అదిరింది. ఎర్రగుడ్డ మీద నాలుగు తెల్లదారాలు చాలాసేపు వణుకుతూనే ఉన్నాయి.